వి.ఐ.పి. వింటేజ్

అరకు లోయకు ప్రపంచ పటంలో ఇంతవరకూ దక్కని స్థానం కల్పించబోతున్నట్టు మంత్రిగారు కొండపేట సరుకుల యార్డులో ప్రకటించారు. ఆ స్థానం పటంలో ఏ మూలన అని ఎవరూ అడగలేదు. మంత్రిగారు కుడిచెయ్యి చాచి, పక్కనే గుర్రుగుర్రుమంటున్న డీజిలు ఇంజినును చూపించారు.

"ఇది ఇంజిను కాదు. మన వారసత్వం!"

వారసత్వం ఆ సమయంలో రెండు బియ్యం వ్యాగన్లను గోడౌను వైపు తోస్తోంది. సభికులు పట్టాల మీద నుంచి లేస్తే బాగుంటుందని డ్రైవరు పోలయ్య హారన్ కొట్టాడు. చప్పట్లు మారుమోగాయి.

దీనికంతటికీ కారణం యార్డు సూపర్‌వైజరు రవిబాబు. విజయనగరం వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి కొండల్లో స్థిరపడిన మనిషి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ప్రమోషన్ రాకపోవడానికి అదే కారణమని ఆయన భార్య నిర్మల ఏనాడో తేల్చేసింది. మంత్రిగారు పొద్దున తనిఖీకి వచ్చి "ఈ ఇంజిను పాతదా?" అని అడిగితే, "పాతదేనండి, ముప్పయ్యేళ్లు ఉంటాయి. కానీ శుభ్రంగా పనిచేస్తుంది" అన్నాడు. మంత్రిగారు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

కొండపేట మీదుగా వెళ్లే పెద్ద లైనుకు కరెంటు తీగలున్నాయి. గోడౌను లైనుకు లేవు. అందుకని వచ్చిన వ్యాగన్లను గోడౌను దాకా తోసేది ఈ ఒక్క డీజిలు ఇంజినే. కొండల మీది గూడేలకు వెళ్లే రేషను బియ్యమంతా దాని ముక్కు ముందు నుంచే కదలాలి.

మంత్రిగారి వాహనం ఘాట్ రోడ్డు దిగకముందే 'పురాతన షంటింగ్ ఇంజిన్ల గుర్తింపు, వర్గీకరణ కమిటీ' పుట్టింది. లక్ష్మీప్రసాద్ చైర్మన్ అయ్యాడు. ఆయన పార్టీకి ఎంతో సేవ చేసి, ఏ కార్పొరేషనూ ఖాళీ లేక అలా నిలబడి ఉన్న నాయకుడు. ఇంజిన్ల గురించి ఆయనకు ముందస్తు అభిప్రాయాలేవీ లేకపోవడం నిష్పాక్షికతకు పనికొచ్చింది. నిపుణుడిగా ఉదయ్ అనే కుర్రాణ్ని విశాఖ నుంచి పిలిపించారు. సెలవురోజుల్లో పాత ఇంజిన్ల ఫొటోలు తీసుకుంటూ తిరగడం అతని వ్యసనం.

ఉదయ్ ఇంజిను చుట్టూ తిరిగి, కింద దూరి, పైకెక్కి దిగాడు.

"ఇది డబ్ల్యూడీఎస్ సిక్స్ సార్. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డీ అంటే డీజిలు, ఎస్ అంటే షంటింగు."

"షంటింగు అంటే?"

"పెట్టెల్ని కాసేపు ముందుకు లాగుతుంది, కాసేపు వెనక్కి తోస్తుంది. యార్డు దాటి ఎక్కడికీ వెళ్లదు."

లక్ష్మీప్రసాద్ ముఖం వెలిగింది. తన రాజకీయ జీవితంలో ఒక యంత్రం చేసే పని ఇంత తేలిగ్గా అర్థం కావడం అదే మొదటిసారి.

"ఏ దొరలు తెచ్చారు దీన్ని?"

"దొరలు కాదు సార్. తొంభైల్లో మన దేశంలోనే తయారైంది. ఇంకా వింటేజ్ కాదు. అసలు ఈ లైను వేసిందే స్వాతంత్ర్యం వచ్చాక."

"అయితే దొరలు ముందు ఇంజిను తెచ్చుకుని, లైను కోసం ఎదురుచూశారన్నమాట. రాసుకోండి."

ఆ సాయంత్రమే వర్గీకరణ పూర్తయింది. పాత షంటింగ్ ఇంజిన్లు మూడు రకాలని కమిటీ కనిపెట్టింది. వింటేజ్, వెరీ వింటేజ్, వి.ఐ.పి. వింటేజ్. మంత్రిగారు స్వయంగా చేత్తో చూపించింది కనుక కొండపేట ఇంజిను మూడో రకంలో చేరింది. ఉదయ్ ఏదో అనబోయాడు. మెడలో శాలువా పడటంతో మాట లోపలే ఉండిపోయింది.

క్రేనుతో ఇంజినును లేపి, స్టేషను ఎదుట కట్టిన సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టారు. పొగ రావడం లేదని పర్యాటకులు నిరాశపడకుండా ప్లైవుడ్ పొగగొట్టం బిగించి, లోపల సాంబ్రాణి వేశారు. పోలయ్యకు దొరటోపీ పెట్టి పక్కన నించోబెట్టారు.

ఆ తర్వాత వచ్చిన బియ్యం వ్యాగన్లు మాత్రం దూరపు లైను మీద ఉండిపోయాయి. లారీ వెళ్లడానికి అక్కడ దారి లేదు. రవిబాబు పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. వారసత్వాన్ని కాపాడినందుకు వాళ్లు అభినందించారు.

ఖాళీ సంచీ భుజాన వేసుకుని కొండ మీది గూడెం నుంచి చిన్నమ్మలు దిగింది. అది రెండోసారి.

"బియ్యం ఏవి బాబూ?"

"అవిగో, ఆ వ్యాగన్లలో ఉన్నాయమ్మా."

"కంటికి అవుపిస్తన్నాయి కదా, మరేల దింపరు? ఇంజినేటైంది?"

"వారసత్వం అయిపోయింది."

చిన్నమ్మలు ముఖం దిగాలుపడింది. "అయ్యో! ఎప్పుడు సచ్చిపోనాది?"

"చచ్చిపోలేదమ్మా. బాగానే ఉంది. అందుకే ఏ పనీ చేయకూడదట."

ఆమె దిమ్మె వైపు చూసి, గట్టు మీద కూర్చుంది. "పిల్లలు చోళ్ల జావతో నెట్టుకొస్తన్నారు బాబూ. ఆ చోళ్లు కూడా ఐపోనాయి" అంది. ఆ రోజు రవిబాబుకు మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధి కాలేదు.

మర్నాడు రవిబాబు కబురు మీద కళాసీల మేస్త్రి సుక్రు తన మనుషులతో వచ్చాడు. తాళ్లు కట్టి, గునపాలు చక్రాల కింద దోపి, కేకలు వేస్తూ ఒక వ్యాగనును నాలుగడుగులు కదిలించారు. పర్యాటకులు ఎగబడి వీడియోలు తీశారు. వెంటనే లక్ష్మీప్రసాద్ దాన్ని 'ఇంజిను పూర్వయుగపు షంటింగు' అని వర్గీకరించి, టికెట్టు పెట్టించాడు.

యార్డులో కాస్త వాలు ఉంది. రెండో వ్యాగను తాళ్లు తెంపుకుని ఆ వాలున జారింది. సుక్రు పక్కకు దూకాడు కానీ కాలి ఎముక విరిగింది. వ్యాగను గోడౌను గోడలో సగం దూరి ఆగింది. విచారణ తేలేదాకా దాన్ని ముట్టకూడదన్నారు. రవిబాబు సుక్రును జీపులోకి ఎక్కించాడు. జీపు తలుపు వేస్తుంటే సుక్రు అన్నాడు. "మా వోళ్లని మళ్లీ తొయ్యమనకు బాబూ. ఇంజిను తెప్పించు."

పేపర్లలో వచ్చింది. మంత్రిగారు చలించిపోయారు. మానవశక్తితో వ్యాగన్లు తోయడం ఈ శతాబ్దానికే సిగ్గుచేటన్నారు. కొండపేటకు అత్యాధునిక ఇంజిను మంజూరు చేశారు. సరఫరా లక్ష్మీప్రసాద్ బావమరిదికి దక్కింది.

కొత్త ఇంజిను పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నిగనిగలాడుతూ వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. టోపీ తీసేసి పైకెక్కిన పోలయ్య, బ్రేకు పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. దిగి వచ్చేసరికి కళ్లలో నీళ్లు.

"ఏటైంది పోలయ్యా?" రవిబాబు గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, నేను గుంటడిగా పనిలో సేరినప్పుడు దీని మీదే నేర్సుకున్నాను. పిడి కింద నా పేరు గీసుకున్నాను. రంగేసినా సేతికి తగల్తంది."

అవతల ఉదయ్ చక్రాల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చక్రాలన్నిటినీ కలుపుతూ బయట బిగించిన ఇనుప కడ్డీలను ఆప్యాయంగా నిమిరి, గొంతెత్తాడు. "సార్! డబ్ల్యూడీఎస్ ఫోర్! దిమ్మె మీదిది దీనికి మనవరాలు సార్! అసలైన విం..."

రవిబాబు ఒక్క అంగలో వెళ్లి అతని నోరు మూశాడు. "టీ తాగుదాం రా" అని రెక్క పట్టుకుని లేపాడు.

మంత్రిగారు ఇటు తిరిగారు. "ఏమిటంటున్నారు? ఆ డ్రైవరు ఎందుకు ఏడుస్తున్నాడు?"

రవిబాబు కొత్త ఇంజినును చూశాడు. దాని వెనక దూరపు లైను మీది వ్యాగన్లను, గట్టు మీద సంచీతో కూర్చున్న చిన్నమ్మలును చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"బండి మరీ కొత్తదండి. ఇంత ఆధునికమైనది నడపగలనా అని భయపడుతున్నాడండి."

"భయమెందుకు? ఈ టెక్నాలజీ మీద జర్మనీలో శిక్షణ ఇప్పిద్దాం!" అని మంత్రిగారు మైకు అందుకున్నారు.

చప్పట్ల మధ్య రవిబాబు పోలయ్య వీపు తట్టాడు. "బేగి ఎక్కు. ముందు ఆ వ్యాగన్లు లాగు."

సాయంత్రానికి చిన్నమ్మలు బియ్యం నెత్తిన పెట్టుకుని కొండెక్కింది.

జర్మనీ శిక్షణకు లక్ష్మీప్రసాద్, ఆయన బావమరిది సకుటుంబంగా వెళ్లారు. పోలయ్యను పంపడం కుదరలేదు. అతను వెళ్తే ఇంజిను నడిపేవాళ్లు లేరు.