ఆదివారం తొమ్మిది గంటల సమస్య

శనివారం పొద్దున పళ్ళపొడి డబ్బా చేతిలో పట్టుకొని, రేపు తొమ్మిదింటికి ఇంటిల్లిపాదీ కింది హాల్లో కూర్చోవాలని రాజగోపాలయ్య హుకుం జారీ చేశాడు. టీవీ ఆపేయాలి. ఒక తీవ్రమైన సమస్యను అందరూ కలిసి చర్చించి, పదికల్లా పరిష్కరించి, చివర్లో నవ్వుకొని లేవాలి. భార్య వాసవాంబ "చూద్దాం లేండి" అని పోపు పెట్టుకోవడానికి వెళ్ళింది. కొడుకు రంగనాథ తల ఊపి పాత్రల అంగడి తాళాలు తీసుకొని పోయాడు. మేడమీద వేరే పొయ్యి పెట్టుకున్న కోడలు పంకజాక్షికి ఆ హుకుం చేరనే లేదు. పైన ఆమె టీవీ మోగుతోంది మరి.

ఇదంతా ఒక పాత హిందీ సీరియల్ చేసిన పని. ఎనిమిదేళ్ళ కింద బళ్ళారి బజారు మొత్తానికి రాజగోపాలయ్య ఇంట్లోదే పెద్ద టీవీ. ఆదివారం తొమ్మిదయ్యేసరికి హాల్లో నలభై తలకాయలు. సీరియల్‌లో ఒక కళ్ళద్దాల నాన్న, ఆయన కుటుంబం. వారానికొక సమస్య వచ్చేది. ఒకసారి కట్నం, ఒకసారి నిరుద్యోగం, ఇంకోసారి అంటరానితనం. మధ్యలో బామ్మ జోకులు. ఎంత పెద్ద సమస్యయినా ఆ నాన్న అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని ఇరవై అయిదు నిమిషాల్లో తేల్చేసేవాడు. దేశమంతా తేలనివి ఆ హాల్లో తేలిపోయేవి.

హిందీ ఎవరికీ రాదు. వాసవాంబ అన్న విరూపాక్షయ్య హిందీ ప్రాథమిక పరీక్ష రెండోసారికి గట్టెక్కినవాడు కాబట్టి అర్థం చెప్పేవాడు. 'స్త్రీ శిక్ష' వారం ఆయన గొంతు సవరించుకొని, "ఆడోళ్లకు శిక్ష చాలా అవసరమని చెప్తాండాడు" అన్నాడు. హిందీలో శిక్ష అంటే చదువు అని తెలిసేలోపే ఆడవాళ్ళు సగంమంది లేచిపోయారు. నెల రోజులు ఆయనకు ఏ ఇంట్లోనూ కాఫీ పుట్టలేదు.

ఇప్పుడు తొంభై నాలుగు. కేబుల్ వచ్చింది. కింద ఒక టీవీ, పైన ఒక టీవీ. మనిషికొక ఛానెల్. ఇంట్లో నలుగురున్నారు, నలుగురూ నాలుగు దిక్కులు. తన ఇంట్లో తన మాట వినడానికి నలుగురు ఒకచోట కూర్చొని ఎన్నేళ్ళయిందో రాజగోపాలయ్యకు గుర్తు లేదు. ఆ కళ్ళద్దాల నాన్న పదేపదే గుర్తొస్తున్నాడు. ఒక్క ఆదివారం చాలు, తానూ అలా కూర్చోవాలి, అంతే.

చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, చర్చించడానికి ఇంట్లో సమస్య లేదు. కొడుకు బీడీ తాగడు, పేకాట ఎరుగడు. కోడలు ఎదురు చెప్పదు, అసలు ఏమీ చెప్పదు. వాసవాంబ మోకాళ్ళ నొప్పి తీవ్రమైనదే గాని సామాజికమైనది కాదు. ఇలా తల పట్టుకొని పెరట్లో పళ్ళు తోముకుంటుండగా, గోడ అవతల పాల హనుమంతమ్మ గొంతు వినిపించింది.

హనుమంతమ్మది దేశనూరు. ఇంట్లో కన్నడ. అయినా సెట్టి ఇంటికి మర్యాదని ఇరవై ఏళ్ళుగా వాళ్ళతో తెలుగే మాట్లాడుతుంది. రాజగోపాలయ్య కన్నడ మీడియంలో చదివినవాడు. ఆమెకు మర్యాదని ఇరవై ఏళ్ళుగా కన్నడలోనే బదులిస్తాడు. ఇద్దరూ ఎదుటివాళ్ళ భాషలో ఆలోచించేవారే. బర్రెకు పోసే కుడితి కోసం ఆమె రోజూ దొడ్డి గుమ్మానికి వస్తుంది.

"రంగన్న ఇంట్లో కుడితి శానా ఎక్కువైతాండాదమ్మా," అంటోంది ఆమె. "దినా బకెట్టు నిండుతాది. ఇట్లయితే ఆ సంసారం నిలబడతాదా?"

"మెల్లగా అనవే," అంది వాసవాంబ. "ఆయన చెవిన పడితే కొంప మునుగుతాది."

ఆయన చెవిన పడనే పడింది. పడింది తెలుగు కుడితి కాదు, కన్నడ కుడిత. కుడిత అంటే తాగుడు. రాజగోపాలయ్య నోట్లో పళ్ళపొడి నోట్లోనే ఉండిపోయింది. రంగనాథ తాగుతున్నాడు. అదీ బకెట్టు లెక్కన. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే రకం కాదు ఆయన, ముందు రుజువులు చూసుకున్నాడు. కొడుకు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి, నిజమే. భోజనమయ్యాక సోంపు నములుతున్నాడు, వాసన రాకుండానే కదా. నిన్న మూడు బిందెలకు బదులు నాలుగు ఇచ్చి పంపాడు. ఇంకేం కావాలి? ఆ ఎరుపు పైనున్న కేబుల్ టీవీదని ఆయనకు తట్టలేదు. కొడుకు చెడిపోయాడన్న దిగులులోనే ఎక్కడో ఒక మూల, రేపటికి సమస్య దొరికిందని కాస్త చల్లగా కూడా అయింది. అందుకు తనను తానే తిట్టుకున్నాడు.

సీరియల్‌లో తాగుడు వారం ఆయనకు అక్షరం అక్షరం గుర్తుంది. ఆ నాన్న కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. ఒక సీసా తెచ్చి అందరి ముందూ పెట్టి, "నా ముందర తాగు" అన్నాడు. కొడుకు కాళ్ళ మీద పడ్డాడు. సీసా పగిలింది. నలభైమందీ ఏడ్చారు. ఇక తాను చేయాల్సింది సీసా తేవడమే.

యాభై ఎనిమిదేళ్ళ బతుకులో రాజగోపాలయ్య బ్రాందీ అంగడి మెట్లు ఎక్కలేదు. పైగా వైశ్య సంఘం కళ్యాణమంటపానికి అధ్యక్షుడు. సీసా కనబడకుండా తేవడానికి తన అంగట్లోంచే కొత్త స్టీలు పాల క్యాను ఒకటి తీసుకొని, సాయంత్రం నెట్టికంటప్ప బ్రాందీ అంగడికి వెళ్ళాడు. నెట్టికంటప్ప తన కూతురి పెళ్ళి పాత్రలన్నీ ఈయన దగ్గరే కొన్నాడు. సెట్టిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఒక అర్ధ కిలో ఇయ్యప్పా," అన్నాడు రాజగోపాలయ్య చుట్టూ చూస్తూ.

"సెట్టప్పా, ఇది తూకానికి రాదు. క్వార్టరు, హాఫు, ఫుల్లు."

"ఫుల్లే ఇయ్యి. సమస్య పెద్దది."

నెట్టికంటప్ప జాలిగా చూసి సీసా తీసిచ్చాడు. అలవాటు చొప్పున రాజగోపాలయ్య దాన్ని వేలితో రెండుసార్లు కొట్టి, సొట్ట ఉందేమోనని చుట్టూ తిప్పి చూసి, క్యాన్లో పెట్టి మూత బిగించాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి నెట్టికంటప్ప మంచి మనసుతో కేక వేశాడు, కొత్తల్లో నీళ్ళు ఎక్కువ పోసుకోమని. అంగట్లో ఉన్న పదిమందీ తలలు తిప్పారు. క్యాను మీద 'రాజగోపాలయ్య అండ్ సన్' అని చుక్కల అక్షరాలు తళతళ మెరుస్తున్నాయి.

కింది మెట్టు దగ్గర విరూపాక్షయ్య నిలబడి ఉన్నాడు.

"క్యాన్లో ఏంది బావా?"

"పాలు."

"పాలు గల్లుమంటాండాయే?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక బ్రాందీ అంగడి మెట్ల మీద పాలంటే వినేవాడెవడు? రాజగోపాలయ్య పని ఉందని చెప్పి పెద్ద బజారు వైపు నడిచాడు. విరూపాక్షయ్య సందులోంచి అడ్డదారిన చెల్లెలి ఇంటికి నడిచాడు. సందు దగ్గర దారి.

ఆదివారం తొమ్మిదింటికి రాజగోపాలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, క్యాను పట్టుకొని హాల్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. టీవీ ఆపేసి ఉంది. వాసవాంబ, రంగనాథ, పంకజాక్షి వరసగా చాప మీద కూర్చున్నారు. పక్కన విరూపాక్షయ్య. అందరూ మళ్ళీ పిలవకుండానే, ఐదు నిమిషాల ముందే వచ్చేశారు. రాజగోపాలయ్య కళ్ళు చెమర్చాయి. నేనంటే వీళ్ళకు ఇంత గౌరవమా అనుకున్నాడు.

కుర్చీలో కూర్చొని గొంతు సవరించుకొని, ఈ ఇంట్లో ఒకరికి తాగుడు పట్టుకుందని మొదలుపెట్టాడు. అందరూ తలలు దించుకున్నారు. తమకు తెలుసంటూ వాసవాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలిసే దాచారా అని ఆయనకు మనసు చివుక్కుమంది, అయినా కళ్ళద్దాల నాన్నను తలచుకొని తమాయించుకున్నాడు. కోప్పడి లాభం లేదు, ప్రేమతోనే మాన్పించాలి అన్నాడు. తామూ అదే అనుకున్నామని పంకజాక్షి అంది. పెళ్ళయి వచ్చాక ఆమె మామతో ఒక పూర్తి వాక్యం మాట్లాడడం అదే మొదలు. తప్పు ఆ ఒక్క మనిషిది కాదు, పట్టించుకోని ఇంటివాళ్ళందరిదీ అని ఆయన ముక్తాయించాడు. రంగనాథ భోరుమన్నాడు. సీరియల్ కంటే బాగా నడుస్తోంది.

ఇదే అదను అని రాజగోపాలయ్య క్యాను మూత తీసి, సీసా తీసి కొడుకు ముందు టక్కున పెట్టాడు.

"తాగు. నా ముందర తాగు."

హాలు బిగుసుకుపోయింది. వాసవాంబ నెత్తి కొట్టుకుంది. విరూపాక్షయ్య కళ్ళు మూసుకొని ఏదో హిందీలో అనుకున్నాడు. రంగనాథ మాత్రం కదిలి వచ్చి తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నీకు తోడు కావాలంటే పక్కన కూచుంటా నాయనా. తాగమని మాత్రం అనాకు. మొదలే నిన్ను చూసి ఊరంతా నవ్వుతాండారు."

"నన్నా?" అన్నాడు రాజగోపాలయ్య. అప్పటికి ఆయనకు తెలిసింది, ఈ వారం సమస్య తానేనని. నేను కాదు మొర్రో అని నోరు తెరిచేలోపే వాసవాంబ అందుకుంది. ముప్పై అయిదేళ్ళ కాపురం, కూచోబెట్టుకొని నీకేం కావాలని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు, ఇప్పుడు మనసులో బాధ ఉంటే నాతో చెప్పుకోవాల గాని సీసాతోనా అని నిలదీసింది. పంకజాక్షి మెల్లగా, తాను చేసిన చారు ఒక్కపూట బాగుందని అనుంటే పైన వేరే పొయ్యి పెట్టేవాళ్ళం కాదంది.

"పొద్దంతా అంగట్లో పక్కపక్కనే కూచుంటాం," అన్నాడు రంగనాథ. "పదేండ్లాయె. బిందె రేటు తప్ప ఇంకొక మాట అడిగినావా నన్ను?"

రాజగోపాలయ్య ఆ పదేళ్ళూ వెతికి చూసుకున్నాడు. అడగలేదు, నిజం. వినేవాళ్ళు లేరని ఏడ్చాడే తప్ప, వీళ్ళ నోట ఇన్ని మాటలున్నాయని ఎరుగడు.

అప్పుడే దొడ్డి గుమ్మంలో హనుమంతమ్మ బకెట్టు చప్పుడైంది. "అమ్మా, కుడితి," అని కేకేసింది. "పైన రంగన్నోళ్ళది ఈ పొద్దు సగమే ఉండాదే. మిగిలిన అన్నం పారేయకుండా తిన్యారా ఏంది?"

పంకజాక్షి సిగ్గుతో మామ వైపు చూసి, ఇద్దరికి ఎంత వండాలో తెలియక మిగిలిపోతోంది, మీరు కోప్పడతారని చెప్పలేదు అంది. రాజగోపాలయ్య గోడ వైపు చూశాడు, దొడ్డి వైపు చూశాడు, సీసా వైపు చూశాడు. కుడిత కాదు, కుడితి. బర్రెది.

నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, అందరూ పగలబడి నవ్వుతారు. ఆయన కన్నడ గురించి విరూపాక్షయ్య ఏడాది పాటు నవ్వుతాడు. పరువు దక్కుతుంది, కళ్యాణమంటపం అధ్యక్ష పదవి నిలుస్తుంది. ఆ తర్వాత రెండు నిమిషాల్లో కోడలు పైకి పోతుంది, కొడుకు ఆమె వెనకే పోతాడు, వాసవాంబ టీవీ పెట్టుకుంటుంది. మోకాలి మీద రంగనాథ చెయ్యి ఇంకా అలాగే ఉంది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు పట్టుకున్న చెయ్యి, మళ్ళీ ఇవాళే.

"నిజం చెప్పు నాయనా. తాగుతాండావా?"

రాజగోపాలయ్య తల దించుకున్నాడు.

"తాగుతాండా," అన్నాడు. "ఒక్కతూరిగా మానలేను. మీరందరూ వారం వారం ఇట్ల నా చుట్టూ కూచుంటే, మెల్లగా మానుతా."

పంకజాక్షి సీసా తీసుకుపోయి మోరీ కాలవలో గుమ్మరించింది. మామ మధ్యాహ్నం ఒంటరిగా ఉంటే మనసు లాగుతుందని, ఆ పూట వంట కిందనే చేసింది. ఆమె చారు బాగుందని ఆయన అన్నాడు, నిజంగానే బాగుంది. నెల తిరక్కుండా కళ్యాణమంటపం అధ్యక్ష పదవి విరూపాక్షయ్యకు పోయింది. బజారులో పిల్లా జెల్లా ఈయన్ని చూసి గుసగుసలాడారు. మూడో ఆదివారం రంగనాథకు ఏదో పనుందని, రాలేడని తెలిసి, శనివారం సాయంత్రం రాజగోపాలయ్య బజారు నడిమధ్యలో కాస్త తూలుతూ నడిచాడు. ఆదివారం ఎనిమిదిన్నరకే చాప నిండింది.

ఏడాదయింది. చుక్క ముట్టని రాజగోపాలయ్య, ప్రతి ఆదివారం తొమ్మిదింటికి తాగుడు మానుతూనే ఉన్నాడు.