గుమాస్తా వెన్నుపూసలు

పాత ఫర్నిచర్ షావుకారు ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. కొట్టు తెరిచేలోపల కుక్కని డాక్టరుకి చూపించాలి, వైద్యం ఎంతో కొంతకి తెగ్గొట్టాలి, గిరాకీ మొదలయ్యేసరికి గల్లాపెట్టె ముందు కూర్చోవాలి.

కుక్క పేరు గుమాస్తా. ఏళ్ల తరబడి కొట్టు గుమ్మంలో పడుకుని, వచ్చినవాళ్లందరినీ అనుమానంగా చూడడం తప్ప వేరే పని చేయకపోవడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు ముసలిదైంది. నాలుగు రోజులుగా వెనక కాళ్లు ఈడుస్తోంది. నిన్న సాయంత్రం లేవబోయి, లేవలేక, తప్పంతా తనదే అన్నట్టు షావుకారు వంక చూసింది. అప్పటినుంచి ఆయనకి ముద్ద దిగలేదు. ఇంట్లో మాత్రం అరగలేదని చెప్పాడు.

"అక్కడికెళ్లి బేరాలు మొదలెట్టకండి," అంది భార్య, కుక్కని దుప్పట్లో చుట్టి బండిలో పడుకోబెడుతూ.

"నేనెందుకు ఆడతానే? నాకేం పనిలేదా?"

"పనిలేక ఆడతారా ఏమిటి! ఆడకపోతే మీకు నిద్రపట్టదు."

షావుకారు వ్యాపారానికి మూలసూత్రం ఒక్కటే. కావలసిన వస్తువు వంక చూడకూడదు. చూస్తే అమ్మేవాడికి ఆశ పుడుతుంది, ఆశ పుడితే ధర పెరుగుతుంది. అందుకని డాక్టరమ్మ గదిలో ఆయన కుక్కకి వీపు పెట్టి, గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. కూర్చున్న కుర్చీ మాత్రం టకటకలాడుతోంది.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టింది. "వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు అరిగిపోయాయండీ. ఒకటి జారి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ అని ఒకటుంది. కాకపోతే వయసు మళ్లింది కదా..."

ఆ మాటకి షావుకారు కుక్కవైపు తిరగబోయి ఆగాడు. నోరు మాత్రం కొట్టులో ఉన్నట్టే పనిచేసింది.

"అదేనమ్మా నేననేదీ! పాత సరుకు. ఊగే మంచానికి కొత్త కోళ్లు వేయించి ఏం బావుకుంటాం? కుక్కకి ఆపరేషనంటే నలుగురూ నవ్విపోతారు."

"అంటే, వద్దంటారా?"

"వద్దు."

ఇక్కడ ఎదుటివాళ్లు దిగిరావాలి. డాక్టరమ్మ దిగిరాలేదు. "సరే. కుక్కని ఇక్కడ వదిలేసి మీరు బయటికెళ్లండి," అంది.

షావుకారు ఆఖరి అస్త్రం తీశాడు. లేచి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఎంత గట్టి వ్యాపారైనా మెట్లు దిగేలోపల "ఇదిగో, ఒక్కమాట" అని పిలిచి తీరతాడు. ఆయన మెట్లు వీలైనంత నెమ్మదిగా దిగాడు. చెప్పులు ఊరికే సర్దుకున్నాడు. పిలుపు రాలేదు. వెనకాల తలుపు మూసిన చప్పుడు మాత్రం వచ్చింది.

ఎండలో నిలబడ్డాక, తనన్న మాటలు ఒక్కొక్కటే ఆయనకి తిరిగి వినిపించాయి. పాత సరుకు. ఏం బావుకుంటాం. వద్దు. కుక్కని వదిలేసి వెళ్లమన్నది దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చడానికా? అంతలో ఫోను మోగింది.

"ఏమందండీ డాక్టరమ్మ?"

"అదీ... ఇంకా మాట్లాడుతోంది."

"గుమాస్తా ఏం చేస్తోంది?"

"పడుకుంది," అన్నాడు. అన్నాక ఆ మాటకి తనే భయపడి ఫోను కట్ చేశాడు. ఆ కట్ చేసిన తీరుకి భార్య అక్కడ ఇంటికి తాళం వేసి బయల్దేరింది.

ఆయన ఒక్క ఉరుకున మెట్లెక్కి తలుపు తోశాడు. గది ఖాళీ. కాంపౌండరు బల్లని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. దుప్పటి మడతపెట్టి ఓ పక్కన ఉంది.

"కుక్కేదీ?"

"లోపలికి తీసుకెళ్లారండీ. సూది వేశారు. పాపం, చాలా మూలిగింది. ఇప్పుడేం చప్పుడు లేదు."

షావుకారు బల్లని తోసుకుంటూ వెళ్లాడు. "ఆపండమ్మా!" అంటూ లోపలి తలుపు బాదాడు. డాక్టరమ్మ తలుపు తీసింది. ఆమె వెనక చాపమీద గుమాస్తా కదలకుండా పడివుంది. దాని డొక్క ఒకసారి లేచి పడింది. రెండోసారి లేచేదాకా షావుకారు తన ఊపిరి వదల్లేదు.

"ఆపరేషన్ చేసేయండమ్మా! ఎంతైనా సరే!"

"వద్దండీ."

"నేనన్నవి పట్టించుకోకండి, అవి ఊరికే..."

"మీరు అన్నా, అనకపోయినా వద్దే. గుండె బలహీనంగా ఉంది, మత్తుకి తట్టుకోదు. కాళ్లలో స్పర్శ ఇంకా పోలేదు. ఇరుకు చోట కదలకుండా ఉంచి మందులు వాడితే నడిచే అవకాశముంది. ఇప్పుడు వేసింది నొప్పి తగ్గే సూది."

షావుకారు జేబు తడుముకున్నాడు. ఇంత నిక్కచ్చిగా వద్దనేవాళ్లని వేలంపాటల్లో ఎంతమందిని చూడలేదు! వద్దంటే, ఇంకా పెంచమని.

"రెట్టింపిస్తాను."

"వద్దు."

"మీ హాల్లో కుర్చీలన్నీ మార్పిస్తాను. టేకువి."

"షావుకారు గారూ!"

"కొట్టు తాళాలు తీసుకోండి తల్లీ!"

"తీసుకోకండమ్మా," అంది గుమ్మంలోంచి భార్య, ఆయాసపడుతూ. "పొద్దున్నే ఫోన్లో చెప్పానుగా. ఈయన వద్దంటే కావాలని. ఎక్కువ మాట్లాడుతుంటే భయపడుతున్నాడని."

"అందుకేనండీ బయటికి పంపింది," అంది డాక్టరమ్మ. "ఆయన వణుకుతుంటే కుక్కా వణుకుతోంది. సూది ఎక్కడ గుచ్చను?"

షావుకారుకి సిగ్గుపడే ఓపిక కూడా లేదు. నేలమీద చతికిలబడి గుమాస్తా తలమీద చెయ్యి వేశాడు. "నాకిది కావాలమ్మా," అన్నాడు. అవతలివాళ్ల ముందు ఆ మాట అనడం ఆయనకదే మొదలు.

"తీసుకెళ్లండి. కదలనివ్వకండి. నడుస్తుందో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేను."

ఆ సాయంత్రమే ఆయన కొట్టు నడిమధ్య పాత బీరువాలు చతురస్రంగా జరిపి, లోపల పరుపు వేసి దాన్ని పడుకోబెట్టాడు. వారం తిరిగేసరికి తోక కాస్త కదలసాగింది. అదే రోజు ఓ పెద్దమనిషి వచ్చి ఆ బీరువాల్లో ఒకదాన్ని తట్టి చూశాడు.

"ఇదెంతకిస్తారు?"

"అది అమ్మనండీ."

"మీ సంగతి నాకు తెలీదూ! ఇంకాస్త వేసుకోండి."

"నిజంగానేనండీ! అది జరిపితే మా కుక్క బయటికొచ్చేస్తుంది."

"కుక్కంటారా! ఇది కొత్త ఎత్తు. సరే, మామూలు ధరకి సగం కలుపుతాను."

షావుకారు చేతులు బార్లా చాపి బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు. పెద్దమనిషి నిట్టూర్చి రెట్టింపన్నాడు.

నిజం చెబితే ఇంత ధర పలుకుతుందని ఆయనకి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.