పెంచలనరసయ్యగారి కోడ్ రివ్యూ

"ప్రపంచ కంప్యూటర్ల గుండెకాయకు మన ఉదయగిరి రక్తం!" అంటూ ఆత్మకూరు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు వెలిశాయి. మధ్యలో మా నాయకుడు పెంచలనరసయ్యగారు లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ఆశీర్వదిస్తున్న ఫొటో. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే నన్ను కూడా కోడ్ రివ్యూ కమిటీలో వేశారు. కాగితాలతో పరిచయం ఉండడమే నా అర్హత.

సంగతేమిటంటే, సీతారామపురం పక్క పల్లెలో రజిత అనే ఇంజనీరు పిల్ల ఉంది. వాళ్ల ఊరికి ఉన్నది ఒకే బోరు. నీళ్లు అడుగంటినా మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. అందుకని బోరులో నీళ్లు కొలిచే పరికరానికి డ్రైవర్ అనే ప్రోగ్రాం రాసింది. నీళ్లు లేకపోతే బోర్డు మీద "నీళ్లు లేవు" అని చూపించి మోటారు ఆపేస్తుంది. లోకమంతా ఉచితంగా వాడుకునే, కంప్యూటర్లకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లో దాన్ని చేర్చాలంటే, ముందు ఎవరైనా చదివి "రివ్యూ చేశాను" అని పేరు పెట్టాలట. "ఎవరైనా" అన్న మాట చెవిన పడగానే నాయకుడు కమిటీ వేశారు.

గెస్ట్‌హౌస్‌లో బిర్యానీ అయ్యాక రివ్యూ మొదలైంది.

"ఇదేంది మ్మా, 'నీళ్లు లేవు' అని రాసినావు?"

"బోరు ఎండినప్పుడు అట్టనే చెప్పాల సార్."

"మన పాలనలో ఆ మాట మనుషులే అనరు, మిషను అంటాదా? తీసెయ్. ఎప్పుడు చూసినా నూరు శాతం చూపియ్యాల!"

"మోటారు కాలిపోతాది సార్. మా అవ్వ నీళ్లు మోయలేక చస్తా ఉండాది."

"పాజిటివ్‌గా ఆలోచించు మ్మా."

బల్లలు చరిచాం. నేనైతే రెండు చేతులా చరిచాను. ఊరికి పరికరం మంజూరు చేయాల్సింది ఆయనే కాబట్టి రజిత చెప్పినట్టే మార్చి రాసింది. ఫ్లెక్సీ ప్రోటోకాల్ ప్రకారం సీనియారిటీ వరసలో మా పేర్లన్నీ ఎక్కాయి. కోడు కంటే పేర్లే పొడుగయ్యాయి.

కెర్నల్‌లో ఆ విభాగం చూసే పెద్దమనిషి వారంలోపే జవాబిచ్చాడు: "ఎండిన బోరును నిండుగా ఉందని చెప్పే డ్రైవర్‌ను చేర్చను. ఇంతమంది చదివి ఏం చూశారు?"

"ఎవురి మనిషిరా వాడు?" అన్నారు నాయకుడు.

"ఎవురి మనిషీ కాదంట సార్."

"అట్టాంటోడికి అంత పదవి ఎవురిచ్చినారు?"

లోకం చేర్చుకోకపోయినా ఊళ్లో ప్రారంభోత్సవం ఆగలేదు. రిబ్బను తెగింది, బోర్డు మీద నూరు శాతం వెలిగింది. చప్పట్ల మధ్యే మోటారు కాలిన కంపు కొట్టింది. రజిత అవ్వ ఆదిశేషమ్మ ఖాళీ బిందెతో నాయకుడి ముందుకొచ్చింది.

"నీళ్లేవి నాయనా?"

"బోర్డు చూడవ్వా. నిండుగా ఉండాది."

"నాకు చదువు రాదు నాయనా. నా బిందెకీ రాదు."

బోర్డు నూరు చూపుతున్న ఊరికి ట్యాంకరు పంపడం నిబంధనలకు విరుద్ధమని మర్నాటి నుంచి అదీ ఆపేశారు. ఎంత పకడ్బందీ పాలన!

అభినందన పత్రాల జిరాక్సులు ఇద్దామని ఆత్మకూరులో నాయకుడి ఇంటికి వెళ్లాను. పెరట్లో బోరు మోటారు టక్కున ఆగింది. గోడ మీది బోర్డులో ఎర్రటి అక్షరాలు వెలిగాయి: "నీళ్లు లేవు."

"సార్, ఇది..."

"ఆ పిల్ల మొదట రాసిందే. ముందు మా ఇంట్లో బిగించమన్నా. అప్పటినించీ మోటారు ఒక్కసారి కాలితే ఒట్టు. బంగారం అనుకో!"

"దీన్ని మన కమిటీ రివ్యూ చెయ్యలేదు గదా సార్?"

ఆయన నా వంక జాలిగా చూశారు.

"ఇది నా సొంత మోటారయ్యా."