క్లోజప్‌కి కావలసిన ఆకలి

సినిమావాళ్లు సమాజాన్ని మార్చలేరని ఎవరన్నారండీ? ఆ అన్నవాళ్లను తీసుకొచ్చి మా అక్క ముందు నిలబెట్టండి!

మా అక్క వీధి చివర కొట్లో బట్టలు కుడుతుంది. బావ ఓ గోదాములో గుమస్తా. కిందటేడు పాత బంగళాలో షూటింగ్ మొదలైంది. ఎప్పటిదో గొప్ప నవలట. మేడ మీద దొరలు, కింద పనివాళ్లు. మనుషులంతా ఒకటేనని చెప్పే కథ. గుంపులో నిలబడడానికి జనం కావాలంటే ఇద్దరూ వెళ్లారు. బావకు మీసం ఉంది కనుక దొరను చేశారు. అక్క చేతులు చూసి గిన్నెలు తోమే మనిషిని చేశారు. ఇంతకంటే న్యాయం ఇంకెక్కడైనా ఉంటుందా?

అసలు గొప్పతనం మధ్యాహ్నం బయటపడింది. దొరలకు మేడ మీద కుర్చీలు, ఫ్యాన్లు, వేడి వేడి కూరలు, ఐస్‌క్రీమ్. పనివాళ్లకు పెరట్లో తలా ఓ అరటిపండు. ఇదేమిటని అక్క అడిగితే డైరెక్టర్‌గారు కళ్లు తుడుచుకున్నారు.

"నేను పేదల పక్షమమ్మా! అందుకే మీ ఆకలి సహజంగా రావాలి."

ఎంత సున్నితమైన మనసు!

బావ కూడా పాత్రలో లీనమైపోయాడు. "ఏమండీ, ఆ ఐస్‌క్రీమ్ ఒకటి ఇలా అందించండి" అని అక్క మెట్లెక్కబోతే, "పనివాళ్లు పైకి రాకూడదు. కంటిన్యుటీ పోతుంది" అన్నాడు. ఇంటికొచ్చాక మంచినీళ్ల కోసం చప్పట్లు కొట్టాడు. కళ మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో చూశారా?

మర్నాడు తిరుగుబాటు సీను. పనివాళ్లంతా మేడెక్కి దొరల భోజనాల బల్ల మీద విరుచుకుపడాలి. "యాక్షన్!" అన్నారు. పడ్డారు. "కట్!" అన్నారు. ఒక్కరూ ఆగలేదు! మైకులో అరిచారు. అప్పటికే అక్క బావను కుర్చీలోంచి లేపేసి, ఆయన పళ్లెం ముందు కూర్చుంది.

"కంటిన్యుటీ..." అని గొణిగాడు బావ.

"నోర్మూసుకుని ఆ కూర ఇటు జరపండి."

మానిటర్ ముందు డైరెక్టర్‌గారు వెక్కి వెక్కి ఏడ్చారు. "పేదవాడి ఆకలి! ఎంత అందంగా వచ్చిందీ!" ఆ ఏడుపులోనే మేనేజర్‌ని పిలిచి చెప్పారు: "రేపు క్లోజప్‌లున్నాయి. పొద్దుటి నుంచి వీళ్లకి ఆ అరటిపండు కూడా పెట్టకు."

అక్క ఆ మాట విన్నది. మెడలో ఏప్రన్ విప్పి మానిటర్ మీద కప్పి, చక్కా వచ్చేసింది. ఆమె వెనకే పనివాళ్లందరూ.

అంతమాత్రాన కళ ఆగుతుందా? మర్నాడు దొరల కోట్లు విప్పించి, చింకిబట్టలు తొడిగి, భోజనం ఎగ్గొట్టారు. సాయంత్రం బావ మసి మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"తినడానికేమైనా ఉందా?"

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఉంది. చేతులు కడుక్కొచ్చి ఇద్దరికీ వడ్డించండి."

వడ్డించాడు.

సినిమా త్వరలో విడుదలవుతోంది. సమానత్వం మీద ఇంత నిజాయితీగా తీసిన సినిమా మరొకటి లేదు. పిల్లాపాపలతో వెళ్లి తప్పక చూడండి. ఆకలి సీన్లలో ఎక్కడా నటన లేదు!