పద్నాలుగు పళ్ళ గులాబీ

ఆ మంగళవారం యూసుఫ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక మోటారు షాఫ్టుకి ఒక స్ప్రాకెట్ తొడగాలి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని టీ తాగాలి. టీ సంగతి దేవుడెరుగు, మధ్యాహ్నం మూడింటిదాకా ఆయనకి మంచినీళ్ళు తాగే తీరిక కూడా దొరకలేదు.

అనకాపల్లిలో మోటార్లకి వైండింగ్ చేసే యూసుఫ్ పనితనానికి వంక పెట్టేవాళ్ళు లేరు. ఉన్న వంకల్లా ఆయన సుత్తితోనే. ఏదైనా ఎక్కకపోతే సుత్తి, దిగకపోతే సుత్తి. పోయిన సీజన్లో బెల్లం వ్యాపారి దేవీప్రసాద్ గారి మోటారుకి పుల్లీని అలాగే ఠంగుఠంగుమని దిగ్గొట్టాడు. పుల్లీ ఎక్కింది గానీ లోపల బేరింగు పోయింది. ఆ మోటారు తిరిగినన్నాళ్ళూ మండీలో ఒకటే ఏడుపు. బేరానికి వచ్చినవాళ్ళు కొందరు గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరికేటయ్యిందండీ?" అని నెమ్మదిగా అడిగారు కూడా.

అందుకని ఈసారి దేవీప్రసాద్ గారే స్వయంగా మోటారునీ స్ప్రాకెట్‌నీ ఆటోలో వేసుకుని షాపుకి వచ్చారు. స్ప్రాకెట్ అంటే మరేం కాదు, సైకిలు చైను ఎక్కే పళ్ళ చక్రం లాంటిదే, కాస్త చిన్నది.

"సూడు యూసుఫ్. బెల్లం దిమ్మల్ని లారీలోకి ఎక్కించే మిషనుకి ఇది. కొత్త మోటారు. ఈ పళ్ళ చక్రం దీనికి ఎక్కాల. సుత్తి ముట్టుకున్నావో, బేరింగు అరిసిందో, మా మండీలో పదకొండు మోటార్లూ పరవాడ మెకానిక్కి ఎల్లిపోతాయి. నీకూ నాకూ సెల్లు!"

"ముట్టనండి షావుకారు గారూ. ఒట్టు."

పదకొండు మోటార్లంటే యూసుఫ్ షాపులో సగం పని. అందుకే ఆయన ఒట్టు వేసి ఊరుకోలేదు, సుత్తిని తీసుకెళ్ళి చేతికందకుండా బీరువా మీద పెట్టాడు. తీరా చూస్తే చక్రం బెజ్జం షాఫ్టుకి వెంట్రుకవాసి బిగువు. చేత్తో నెడితే ఎక్కదు. అప్పుడు చిన్నప్పుడు పని నేర్పిన ఉస్తాద్ మాట గుర్తొచ్చింది. చక్రాన్ని కాగే నూనెలో కాసేపు ఉంచితే బెజ్జం కాస్త విచ్చుకుంటుంది, వేడిమీద తొడిగితే హాయిగా ఎక్కుతుంది, చల్లారాక షాఫ్టుని పట్టుకుని మరి వదలదు.

కాగే నూనె కోసం వెతుక్కోనక్కర్లేదు. షాపు వెనక వాటాలోనే ఇల్లు. అక్కడ భార్య గుల్జార్‌బీ బాండీ నిండా నూనె పోసి గులాబీ పువ్వులు వండుతోంది. ఆమె చేతి పిండివంటలకి ఊళ్ళో పేరుంది. ఆ రోజు వండుతున్నది దేవీప్రసాద్ గారి ఇంటికే. వాళ్ళమ్మాయి సాయిశ్రీ అత్తవారింటికి, నక్కపల్లికి, మధ్యాహ్నం సారె వెళ్ళాలి. పువ్వు ఆకారంలో ఉన్న ఇనప అచ్చుని నూనెలో వేడిచేసి, నువ్వులు కలిపిన పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి విదిపితే పువ్వు ఊడి తేలుతుంది.

"గుల్జార్, ఈ చక్రాన్ని ఒక్క పది నిమిషాలు నీ నూనెలో ఏలాడదీత్తాను."

"ఏటీ? ఇనప సామాను నా నూనెలోనా?"

"నువ్వు ముంచుతున్నది మాత్రం ఇనుము కాదేటి?"

"ఇది అచ్చు. అది మీ షాపు సరుకు. ముందు అవతలికెల్లండి."

యూసుఫ్ అవతలికి వెళ్ళాడు గానీ చక్రాన్ని మాత్రం అంట్లు తోమే సబ్బుతో మూడుసార్లు కడిగి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఇంతలో పిండి చాలదనిపించి, పక్కింటి బుల్లమ్మని పొయ్యి చూస్తూ ఉండమని చెప్పి, గుల్జార్‌బీ పిండిమరకి బయల్దేరింది. బుల్లమ్మ బుట్ట కోసం పెరట్లోకి వెళ్ళింది. యూసుఫ్ పిల్లిలా లోపలికి వచ్చి, చక్రాన్ని తీగకి కట్టి నూనెలో వేలాడదీశాడు. రెండు నిమిషాలు కాలేదు, షాపులోంచి దేవీప్రసాద్ గారి కేక.

"ఎక్కిందా? ఏ పద్ధతిలో ఎక్కిత్తన్నావు?"

"ఆయిల్లో వేడిసేసండి."

"ఏ ఆయిలు?"

"మంచిదేనండి. ప్యాకెట్టుది."

దేవీప్రసాద్ గారు సంతోషించి స్టూలు మీద కూర్చున్నారు. మనిషికి ఓర్పు ఎంత అవసరమో, ఓర్పు లేక బాగుపడనివాళ్ళు తమకు తెలిసి ఎంతమందో చెప్పుకొచ్చారు. చెప్పడం ముగిసేసరికి అరగంట పట్టింది.

ఆ అరగంటలో లోపల జరగాల్సింది జరిగింది. బుల్లమ్మ బుట్టతో తిరిగొచ్చింది, కళ్ళజోడు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నూనెలో తీగకి వేలాడుతున్న పళ్ళ చక్రం చూసి, 'గుల్జారమ్మ కొత్త అచ్చు కొన్నట్టుంది' అనుకుంది. ఎత్తి పిండిలో ముంచి నూనెలో పెట్టింది. పద్నాలుగు రేకులతో, నడుమ గుండ్రటి బెజ్జంతో, బంగారు రంగులో పువ్వు తేలింది. బుల్లమ్మ ముచ్చటపడిపోయి మిగిలిన పిండంతా దానితోనే వండేసింది. ఇరవై రెండు పువ్వులు బుట్టలో పేర్చి, కాగితం కప్పి, అచ్చుని మళ్ళీ నూనెలో వదిలి, గిన్నె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు యూసుఫ్ పరుగున వచ్చి చక్రాన్ని పట్టకారుతో తీశాడు. పళ్ళ మధ్య ఎర్రటి పొక్కులేవో ఉంటే, ఇనుముకి కూడా కాలితే పొక్కులొస్తాయి కాబోలు అనుకుని గుడ్డతో తుడిచేశాడు. షాఫ్టుకి తొడిగాడు. వేడి అన్నంలోకి నెయ్యి దిగినట్టు దిగింది! చల్లారాక రెండు చేతులా లాగి చూశాడు, కదల్లేదు. ఇన్నేళ్ళ పనిలో ఇంత ఆనందం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

"సెభాష్! అది సరేగానీ యూసుఫ్, మోటారు కాడ ఈ నువ్వుల వాసనేటి?" అన్నారు దేవీప్రసాద్ గారు.

"కొత్త పద్ధతి కదండీ."

సరిగ్గా అప్పుడే సారె బుట్టలు చూసుకోవడానికి దేవీప్రసాద్ గారి భార్య సత్యలక్ష్మి వచ్చింది. ఆమె వెనకే పిండి సంచీతో గుల్జార్‌బీ. సత్యలక్ష్మి బుట్టమీది కాగితం ఎత్తి, అలా నిలబడిపోయింది.

"ఎంత బాగున్నాయి గుల్జార్‌బీ! మా వియ్యపురాలు ప్రతీదానికీ ఏదో ఒక వంక పెడతాది. ఇలాటివి జన్మలో సూసుండదు. నూట ఎనిమిదీ ఇలాగే కావాల నాకు."

గుల్జార్‌బీ బుల్లమ్మ వైపు తిరిగింది. "అచ్చు ఎక్కడిదత్తా? మీదా?"

"నాదేటమ్మా? నువ్వు కొన్నదే కదా! తీగకి కట్టి నూనెలో ఏలాడదీసేవు."

తీగ అనగానే గుల్జార్‌బీకి సంగతి అర్థమైంది. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని షాపులోకి నడిచింది. మిగిలినవాళ్ళు వెనకే వచ్చారు. మోటారు పక్కన పువ్వుని పెట్టి పళ్ళు లెక్కపెట్టింది. ఇటు పద్నాలుగు, అటు పద్నాలుగు. పరాయివాళ్ళ ముందు కాబట్టి, "తరవాత మాటాడుకుందాం" అని మాత్రం భర్తతో అంది.

"శుభ్రంగా కడిగేనమ్మా, మూడుసార్లు," అన్నాడు యూసుఫ్ సత్యలక్ష్మితో.

సత్యలక్ష్మికి కడగడంతో పని లేదు. భర్త వైపు చూసింది. "ఊడదీయించండి దాన్ని. మూడింటికి కారొత్తాది."

దేవీప్రసాద్ గారిలో పొద్దుటి ఓర్పు ఎక్కడా కనిపించలేదు. "యూసుఫ్, ఆ సుత్తి తే. రెండేటుల్లో ఊడొచ్చేత్తాది."

యూసుఫ్ ఛాతీ ఉబ్బింది. "క్షమించాల షావుకారు గారూ. ఒట్టేసేను. షాఫ్టు మీద సుత్తి పడితే బేరింగు అరుత్తాది."

"మరి లాగే పుల్లరో ఏదో ఉంటాది కదా?"

"రాజయ్యపేట పడవ ఇంజను కాడికెల్లిందండి. రేపొత్తాది."

అందరూ గోడ గడియారం వైపు చూశారు. చివరికి గుల్జార్‌బీయే పిండి సంచీ విప్పుతూ అంది. "ఊడదీయడం ఎందుకు? నా నూనె ఎలాగూ షాపు సరుకైపోయింది. మోటారుతోపాటే ముంచండి."

మోటారు పది కిలోలు. అటు యూసుఫ్, ఇటు దేవీప్రసాద్ గారు పట్టుకుని, షాఫ్టు కిందికి దించి, నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టారు.

"విదపండి షావుకారు గారూ! విదపకపోతే పువ్వు ఊడదు," అని గుల్జార్‌బీ.

"వంగండి కాస్త! ఒకేపు మాడిపోతంది," అని సత్యలక్ష్మి.

షావుకారు వంగారు, విదిపారు. అలా ఎనభై ఆరుసార్లు. ఆఖరి పువ్వు తేలాక యూసుఫ్ భయంభయంగా చక్రాన్ని గుడ్డతో పట్టుకుని లాగి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. దేవీప్రసాద్ గారు స్టూలు మీద కూలబడి, రొప్పుతూనే, "ఆ పదకొండూ నీయే. పరవాడ మాట మరిసిపో," అన్నారు.

మూడింటికి సారె నక్కపల్లి వెళ్ళింది. సాయంత్రం మండీలో మిషనుకి బిగించి స్విచ్చి వేస్తే మోటారు ఊపిరి తీసుకున్నంత మెత్తగా తిరిగింది. ఆ రోజు అరిచింది బేరింగు కాదు, షావుకారు నడుము.