ముక్కుపుడక పరీక్ష

శుక్రవారం కాబట్టి ఆదెప్ప ఆ పొద్దున పెట్టుకున్న పనులు తక్కువే. యజమాని బాబా ల్యాండ్ క్రూజర్ కడగాలి, వంటింటి వెనక నీడలో కూర్చుని టీ తాగాలి, ఇంటికి వీడియో కాల్ చేయాలి. కారు సగం తడవకముందే బాబా బయటికి వచ్చాడు. ఒక చేతిలో పొడుగాటి మెషిన్, రెండో చంకలో మూడు అట్టపెట్టెలు. యజమాని తానే బరువు మోసుకొస్తున్నాడంటే అది పనివాడికి మంచిరోజు కాదని అరబ్బు దేశపు ఐన్ ఖాలిద్‌లో చేసిన ఇన్నేళ్ళ డ్రైవర్ డ్యూటీ ఆదెప్పకు నేర్పింది.

"ఆదెప్పా, మీది బంగారం దేశం కదా?" అన్నాడు బాబా, సగం అరబ్బీలో సగం హిందీలో.

ఆదెప్ప నీళ్ళ పైపు కట్టేశాడు. ఇదంతా తన నోటి దురద వల్ల వచ్చిందే. చేరిన కొత్తలో బాబా మెప్పు కోసం కొన్ని కోతలు కోశాడు. తమది వజ్రకరూరు పక్క పల్లె అనీ, వాన పడితే జనం చేలల్లో వజ్రాలు ఏరుకుంటారనీ చెప్పాడు. అంతవరకు ఆగినా బాగుండేది. బంగారమైతే తాను మట్టి రంగు చూసే చెప్పగలనని కూడా అన్నాడు. నిజానికి అతనికి చేలో దొరికింది ఒక్క గాజుపెంకు. దాన్ని కూడా కాలితోనే కనిపెట్టాడు.

బాబా ఆ సాయంత్రం స్నేహితులతో కలిసి మౌరిటానియా ఎడారికి బంగారం వెతకడానికి వెళ్తున్నాడు. "ఎడారిలో పుట్టినవాడు ఎడారి చూడ్డానికి టికెట్ కొనడమేమిటి?" అని అతని అత్తగారు అప్పుడే నవ్వింది. ఆవిడ ముందుకు ఉత్తచేతులతో తిరిగి రావడం కన్నా అక్కడే ఉండిపోవడం మేలని బాబా అనుకుంటున్నాడు. మెషిన్ చివర బిగించే గుండ్రటి కాయిల్స్ మూడు కొన్నాడు. తాంబాళమంతది ఒకటి, అన్నం పళ్ళెమంతది ఒకటి, సాసర్ అంతది ఒకటి. పెద్దది లోతుకు చూస్తుందట, కానీ నలుసులను వదిలేస్తుందట. చిన్నది నలుసును కూడా పట్టేస్తుందట, కానీ పైపైనే. సామానులో ఒక్కదానికే చోటుంది.

"నేను నమాజు నుంచి వచ్చేసరికి ఏది తీసుకెళ్ళాలో చెప్పు. తప్పు చెప్పావో..." అని బాబా మిగతాది చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఆ మిగతాది ఆదెప్పే పూర్తిచేసుకున్నాడు. వీసా క్యాన్సిల్, ఎయిర్‌పోర్టు, ఊళ్ళో సగం కట్టి ఆపేసిన ఇంటి గోడలు.

బంగారాన్ని కనిపెట్టే మెషిన్‌ని పరీక్షించాలంటే బంగారం కావాలి. ఆ ఇంట్లో ఆదెప్పకు అందుబాటులో ఉన్న బంగారం ఒక్కటే, వంటమనిషి మాబున్నీసా ముక్కు మీద ఉన్నది. ఆమెది రాయచోటి. తల్లి పోతూపోతూ ఇచ్చిన ఏడు రాళ్ళ ముక్కుపుడక అది. ఒక రాయి ఎప్పుడో రాలిపోయింది, మార్పించడానికి ఆమెకు మనసొప్పలేదు.

"మన్నులో పూడుస్తావా? నీకేమన్నా దయ్యం పట్టిందా రా?"

"రోంతసేపే అక్కా! పూడ్చి, పైన మెషిన్ తిప్పి, తీసిచ్చేస్తా. లేకుంటే నన్ను ఊరికి తోలేస్తాడక్కా."

అతని మొహం చూసి ఆమెకు జాలేసింది. ముక్కుపుడక విప్పి ఇచ్చింది. రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చుకుంది.

"చూడు ఆదెప్పా, అది పోయిందంటే నిన్ను తోలేది బాబా గాదు, నేను. దొంగతనం చేసినాడని మేడమ్‌తో చెప్తా. మా అమ్మ మీద ఒట్టు."

ఆదెప్ప ముక్కుపుడకను పెరట్లో ఖర్జూరపు చెట్టు కింద ఇసుకలో పాతిపెట్టాడు. గుర్తుకు పక్కన ఒక పుల్ల గుచ్చాడు. పెద్ద కాయిల్ బిగించి ఆన్ చేస్తే అది గేటును చూసి అరిచింది, కారును చూసి అరిచింది, ముక్కుపుడక దగ్గర మాత్రం మూగనోము పట్టింది. మధ్యది కిక్కురుమనలేదు. చిన్నదాన్ని తెద్దామని షెడ్డులోకి వెళ్ళి వచ్చేసరికి పుల్ల లేదు. ఇసుక మీద దంతె గీతలు చక్కగా, సమంగా ఉన్నాయి. తోటమాలి హరి తన పనిని తానే మెచ్చుకుంటూ నిలబడి ఉన్నాడు. అతనిది అమలాపురం వైపు.

"పుల్ల యాడ హరీ?"

"చెత్తనుకుని పారేశానండి. ఇసుకంతా అటూ ఇటూ లాగి సాపు చేశానండి. బాగుందాండి?"

ఆదెప్ప తలెత్తి చూశాడు. వంటింటి కిటికీలో మాబున్నీసా చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. చిన్న కాయిల్‌కి అడుగున ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. దాన్ని ఊడదీసి, దాంతోనే దోసెడు దోసెడు ఇసుక ఎత్తి వెతికాడు. ఏమీ కనిపించలేదు. ఆదరాబాదరాగా మూత మళ్ళీ నొక్కి, కాయిల్‌ను మెషిన్‌కు బిగించి తిప్పాడు.

టుయ్యిమంది! ఆదెప్ప ప్రాణం లేచొచ్చింది. తవ్వాడు, లేదు. పక్కన తిప్పాడు, టుయ్యిమంది. తవ్వాడు, లేదు. జామచెట్టు దగ్గరా అరిచింది, గోడ పక్కనా అరిచింది. హరి కూడా పార పట్టాడు. కాసేపటికి పెరడంతా గుంతలయింది. చివరి గుంతలోంచి నీళ్ళు మనిషెత్తున ఎగజిమ్మాయి.

"అయ్యబాబోయ్, మొక్కల పైపండీ! నేను వేసిందేనండి!"

పై కిటికీ తెరుచుకుంది. బాబా భార్య, మేడమ్, కిందికి చూసింది, ఏమీ అనకుండా ఫోన్ చెవిన పెట్టుకుంది. మేడమ్ తిట్టకపోతే అది బాబాకు వెళ్తున్న ఫోనని అందరికీ తెలుసు. జైల్లో అన్నం పెడతారా, రొట్టె పెడతారా అన్న దాకా వెళ్ళిపోయింది ఆదెప్ప ఆలోచన.

బాబా వచ్చాడు. గుంతలను, నీళ్ళను, తడిసిన ఇద్దరినీ చూశాడు. ఆదెప్ప కళ్ళు మూసుకున్నాడు. బాబా మెషిన్ లాక్కుని తిప్పాడు. టుయ్యిమంది. మరోచోట తిప్పినా టుయ్యిమంది. అతని కనుబొమలు పైకి లేచాయి.

"సుభానల్లా! పెద్దవి రెండూ పనికిరావు. ఇది బంగారం ధూళిని కూడా వదలడంలేదు. శభాష్ ఆదెప్పా!" అని చిన్న కాయిల్‌ను సూట్‌కేసులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు.

తర్వాతి రోజులు ఆదెప్పకు నరకం. బాబా లేనప్పుడు చెప్పడం బాగుండదని మాబున్నీసా గడువు పెట్టింది. ఆయన దిగిన మర్నాడే మేడమ్‌కు చెప్తానంది. తిట్టలేదు, ఏడవలేదు, ముక్కున చీపురుపుల్లతో చక్కెర లేని టీ ఇచ్చేది. తిట్టినా బాగుండేదని ఆదెప్ప కుమిలిపోయాడు. పొద్దున్నే హరితో కలిసి పెరటి ఇసుకంతా పిండి జల్లెడతో జల్లించేవాడు.

బాబా గురువారం దిగాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి అత్తగారితో సహా బంధువులంతా వచ్చారు. బంగారం తెలిసినవాడని ఆదెప్పను కూడా హాలు గుమ్మం దగ్గర నిలబెట్టారు. బాబా ఎర్ర మఖ్మల్ పెట్టె బయటికి తీశాడు.

"అక్కడ ఎక్కడ తిప్పినా మెషిన్ అరిచింది. తవ్వితే ఏమీ లేదు. చివరిరోజు కడుగుదామని కాయిల్ మూత ఊడదీస్తే, ఇసుకలోంచి ఎగిరొచ్చి అందులో ఇరుక్కుని ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఏ రాణిదో!"

పెట్టె తెరిచాడు. ఏడు రాళ్ళ ముక్కుపుడక. ఒక రాయి లేదు.

సరిగ్గా అప్పుడే మాబున్నీసా ఖావా కాఫీ పళ్ళెంతో వచ్చింది. వద్దక్కా అని ఆదెప్ప కళ్ళతోనే దండం పెట్టాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు. పళ్ళెం కింద పెట్టింది. చీపురుపుల్ల తీసేసింది. మఖ్మల్ మీది ముక్కుపుడక తీసుకుని, పెట్టుకుని, సీల బిగించింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"మా అమ్మది బాబా," అంది.

బాబా ఆ ముక్కు వైపు చూశాడు, లేని రాయి వైపు చూశాడు, ఆదెప్ప వైపు చూశాడు. చివరికి అత్తగారి వైపు చూశాడు. ఆవిడ పెదవి చివర నవ్వు మొదలవుతోంది. బాబా మొహంలో రంగు మారింది. ఇన్ని రోజులుగా తన మొహంలో ఉన్న భయం అక్కడికి మారిందని ఆదెప్ప గుర్తుపట్టాడు.

"వాళ్ళమ్మది లాంటిదే తేవాలని, ఈ ఇంటి వంట మీద ప్రేమతో నేనే..." అని మొదలుపెట్టి, తనేమంటున్నాడో తనకే తెలియక బాబా ఆగిపోయాడు. "యల్లా, ఖావా తాగండి!" అన్నాడు గట్టిగా.

సాయంత్రం కారెక్కాక బాబా అద్దంలోంచి చూస్తూ మెల్లగా అడిగాడు. "ఎవరికీ చెప్పకు. కానీ నిజం చెప్పు, మీ ఊళ్ళో బంగారం దొరుకుతుందా?"

"లేదు బాబా. చెనిక్కాయలు పండుతాయి."

ఆ ఇంట్లో చేరాక తన ఊరి గురించి ఆదెప్ప చెప్పిన మొదటి నిజం అదే, కానీ బాబా దాన్ని కూడా ఒక కిలో వేరుశనక్కాయలు తెప్పించి చూపిస్తే తప్ప నమ్మనన్నాడు.