మాంగో వంతెన దగ్గర ఇంజనీరు సాబ్

1980 ఫిబ్రవరి పదహారు, శనివారం. హిందీ మాట్లాడే ఉక్కు కర్మాగారం ఊళ్ళో, సీతారాండేరా అనే పేటలో, ఆ పొద్దున సూర్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం డ్యూటీ అని ఇంట్లో చెప్పి, వంతెన మీదుగా నది దాటి, అవతలి మాంగో పేటలో స్నేహితుడు అప్పన్న మేడెక్కి సూర్యగ్రహణం చూడాలి. కంపెనీలో వెల్డరు కాబట్టి నల్లద్దం దగ్గరే ఉంది. వచ్చిన చిక్కల్లా అత్తగారు జోగమ్మతోనే.

"నీ రాశికే పట్టింది బాబూ. కుంభరాశోళ్ళు సూడకూడదని పంతులుగారు మరీమరీ సెప్పినారు. ఇంట్లోనే ఉండు."

"సెలవియ్యలేదత్తా, డూటీకెల్లాల," అన్నాడు సూర్యం.

చిన్నప్పటి గ్రహణాలన్నీ తలుపులేసిన గదిలోనే గడిచిపోయాయి అతనికి. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ ఒక్కటైనా చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అబద్ధం అతికినట్టుండాలని ఖాకీ బట్టలు, బూట్లు, పసుపు హెల్మెట్ కూడా తొడుక్కుని సైకిలెక్కాడు.

వంతెన ముందు రోడ్డు సగం తవ్వేశారు. మిగిలిన సగానికి అడ్డంగా రోడ్డు రోలరు ఆగి ఉంది. దాని డ్రైవరు పోలయ్య పక్కనే దుప్పటి ముసుగేసుకుని కూర్చున్నాడు. అటు బస్సులు, ఇటు లారీలు. సైకిలు దూరే సందు కూడా లేదు.

"గ్రహణం ఇడిసీదాకా ఇనుం ముట్టుకోను. మాయమ్మ ఒట్టేయించుకుంది," అన్నాడు పోలయ్య ముసుగులోంచే.

అంతలో ఒక లారీ డ్రైవరు హెల్మెట్ చూసి కేకేశాడు. "ఇంజనీర్ సాబ్ ఆ గయే!" ఇంజనీరు గారొచ్చేశారట!

జనం సూర్యాన్ని చుట్టుముట్టారు. తను ఇంజనీరును కానని ఎంత మొత్తుకున్నా హెల్మెట్ ముందు ఆ మాట చెల్లలేదు. సైకిలు దూరే సందైనా దొరికితే మేడ ఎక్కవచ్చన్న ఆశతో "పీఛే! పీఛే!" అంటూ లారీలను వెనక్కి తోయించడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక రిక్షాలోంచి జోగమ్మ దిగింది.

"ఇదేటి బాబూ, నీ డూటీ రోడ్డు మీదేటి?"

"అవునత్తా... ఇయ్యాల ఇక్కడేసినారు."

"మరి జేబులో ఆ అద్దమేటి? ఇలాగియ్యి. నాది సింహరాశి, నాకేటవదు."

అద్దం కంటికి ఆనించుకుని తల పైకెత్తిందో లేదో, "ఓలమ్మో! సూరీడు కొడవలిలాగున్నాడర్రా!" అని చిన్నపిల్లలా గంతేసింది.

ఇక చూడాలి సంబరం. హారన్లు ఆగిపోయాయి. బస్సుల్లో కిటికీలు మూసుకుని కూర్చున్నవాళ్ళంతా దిగి జోగమ్మ ముందు వరస కట్టారు. పోలయ్య కూడా దుప్పటి విసిరేసి, "ఒక్కపాలి నాకియ్యమ్మా," అంటూ వచ్చాడు. వరస చెదరకుండా చూసే పని ఇంజనీరు సాబ్ మీద పడింది. అతను కాస్త తల తిప్పబోతే చాలు, "అటు సూడకు బాబూ, నీ రాశి!" అని జోగమ్మ అరిచేది. ఆవిడ వెనక వంద మంది "సాబ్, మత్ దేఖియే!" అని అరిచేవారు.

గ్రహణం విడిచింది. పోలయ్య నదిలో మునిగొచ్చి, తడిబట్టలతోనే రోలరు పక్కకు తీశాడు. జనం వెళ్తూ వెళ్తూ సాబ్‌కు సలాములు కొట్టారు.

ఇంటిదారిలో జోగమ్మ అద్దాన్ని కొంగుతో తుడిచి అల్లుడి చేతిలో పెట్టింది. "శనారం నీకు డూటీ లేదని నాకు తెల్దేటి? పొద్దున నువ్వు అద్దం జేబులో ఎట్టుకున్నప్పుడే సూసినాను. అందుకే ఎనకాలొచ్చినాను."

గ్రహణం ఎలా ఉందని ఎవరడిగినా, సూర్యం ఇప్పటికీ అత్తగారు చెప్పిందే చెబుతాడు.